పదిహేను పైసల తేడా

కె.ఆర్. పురం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో
మెట్ల కింద నా బెంచీ.
ఫ్యాను ఉంది, అద్దె లేదు, ప్లగ్గు పాయింటు లేదు.
కోలారు వైపు నుంచి తెలుగులో రాసిన పాత వీలునామాలొస్తాయి.
కన్నడంలోకి మార్చి టైపు చేస్తాను, పేజీకి నూట ఇరవై.
ల్యాప్‌టాపు రెండు గంటల పదకొండు నిమిషాలు ఓపిక పడుతుంది.
ఆ తర్వాత అదీ నేనూ ఇంటికి.

పదకొండంటే ఉజ్జాయింపు కాదు.
డైరీ వెనక పేజీల్లో రాసుకున్నాను,
పాలవాడి లెక్క పక్కన.

తక్కువ వోల్టేజి మెమరీ వేస్తే
బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుందని ఎవరో అంటే
శనివారం ఎస్.పి. రోడ్డుకి వెళ్లాను.
వాన వెలిసిన సందు, వైర్ల చుట్టలు,
రెండో అంతస్తులో సమీవుల్లా కొట్టు.
హిందూపురం మనిషి. నా కన్నడం విని తెలుగులో పలికాడు:
"ఏం కావల్లమ్మా?"

రెండు పచ్చ పట్టీలు పక్కపక్కన పెట్టాడు.
"ఇది రూపాయిన్నర తాగుతాది అనుకో.
ఇది రూపాయి ముప్పై అయిదు పైసలు.
పదిహేను పైసలకి ఈ కాలంలో ఏమొస్తాదో నువ్వే చెప్పు."
అమ్మేవాడు అలా మాట్లాడకూడదు. మాట్లాడాడు.
"తినేది తెర. వెలుతురు రెండు మెట్లు దించు,
ఇరవై నిమిషాలు ఊరికే వస్తాది."

దించలేను.
దస్తావేజు ఫోటోని తెర మీద పెద్దది చేసి చూడాలి.
పాత కరణాల రాతలో
౨కీ ౩కీ మధ్య తేడా ఒక తోక.
ఆ తోకలో ఒక గుంట నేల ఉంటుంది,
ఇద్దరు అన్నదమ్ములుంటారు.

అయినా కొన్నాను.
వీపు విప్పి, టిక్కుమని బిగిస్తూ
సమీవుల్లా ఇంకేదో అన్నాడు.
చిల్లర లెక్కపెట్టుకుంటూ సరిగా వినలేదు.

సోమవారం రెండు గంటల పద్నాలుగు నిమిషాలు.
మంగళవారం పదమూడు.
బుధవారం పదహారు, కానీ ఆరోజు ఎవరూ రాలేదు,
ఊరికే తెర చూస్తూ కూర్చున్నాను.
గురువారం మళ్లీ పదకొండే.
స్టాంపుల నంజుండప్ప డైరీ చూసి నవ్వాడు.
పద్నాలుగు వందలకి మూడు నిమిషాలు.
ఒక సాక్షి పేరు, ఆయన తండ్రి పేరు,
'వేలిముద్ర' అన్న మాట. అంతే.

శుక్రవారం సాయంత్రం
ఒక వీలునామా సగంలో ఉండగా గుమాస్తా షట్టరు దించాడు.
మూత మూసేశాను. సేవ్ చేశానో లేదో
నాకు గుర్తు లేదు.
అట్నుంచి అటే ఆసుపత్రికి, మా వదినకి కాన్పు.
సంచీ మంచం కింద, చార్జరు ఇంట్లో,
శని ఆదివారాలు ఎలా గడిచాయో పాపకే తెలుసు.

ఇదివరకు రెండుసార్లు ఇలాగే అయింది.
సోమవారం మూత తీస్తే
నల్లటి అద్దంలో నా మొహం.

ఈసారి పదిగంటలకి తీశాను.
రెండు శాతం, ఎర్రగా.
'ఉత్తరానికి చిక్కముని' దగ్గర
గీత ఇంకా కొట్టుకుంటోంది.
'యప్ప బావి' అని పూర్తిచేశాను. సేవ్ నొక్కాను.
అప్పుడు ఆరిపోయింది.

అప్పుడు వినపడ్డాయి కొట్లో వినని మాటలు:
"మూత మూస్తే తెర పండుకుంటాది,
ప్రాసెసరు పండుకుంటాది.
మేలుకోని ఉండేది ఇదొక్కటేనమ్మా.
ఆ పైసలు అప్పుడు చూసుకో."

డైరీ తీశాను.
పనిచేసిన నిమిషాలకి గడులు గీసుకున్నాను గాని
కాచుకున్న గంటలకి గడి లేదు.
పాలవాడి లెక్క కింద ఖాళీ ఉంటే
65 అని వేసి వదిలేశాను.

ఒకటో తారీఖున అతను వేలు పెట్టి చూపించాడు.
"ఇదేందక్కా, లీటర్లా?"